పదకొండో ప్రయత్నం

ఆ రాత్రి చెన్నైలో మా సర్వర్ల గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. అసలు సర్వర్ పడిపోతే ఆదుకునే రెండోదాన్ని సరిచేస్తున్నాను. అవతల నుంచి జవాబు రాకపోతే ఐదు సెకన్లకోసారి మళ్లీ అడగమని పెట్టాను. అది ఐదు నిమిషాలకోసారి అడుగుతోంది.

“ఐదు నిమిషాలేంటయ్యా? ఇళంగో ఉంటే ఈపాటికి ముగించేవాడు,” అని ఫోన్లో మేనేజరమ్మ దెప్పింది.

“మూడుసార్లు మార్చాను మేడం, నిలవడం లేదు,” అని పెట్టేసి, ఫోన్‌ను సైలెంట్‌లో పడేశాను.

మా సీనియర్ ఇళంగో అన్న గత నెల ఈ కుర్చీలోనే గుండె ఆగి చనిపోయాడు. చనిపోయిన రాత్రి నాకు ఐదు నిమిషాలకోసారి ఫోన్ చేశాడు. డ్యూటీకి రమ్మంటాడని సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. పదకొండు కాల్స్. ఎవరికీ చెప్పలేదు. సంతాప సభలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే.

తెర మీద పదో ప్రయత్నం విఫలమైంది. ఫ్యాన్ల హోరు ఒక్కసారిగా ఆగింది. ఐదు నిమిషాలు గడిచాయి.

పదకొండోది తెర మీద రాలేదు. సైలెంట్‌లో ఉన్న నా ఫోన్ మోగింది.