ఎదురులేని ఛాంపియనమ్మ

“ఈ పడవ మీకు పట్టదమ్మా! నా మాట వినండి. మీరెక్కితే ముక్కు నీళ్ళు తాగుతుంది.”

పడవల షాపు పెద్దాయనకు మొహమాటం లేదు. బేరం పోయినా పోనిస్తాడు గానీ తగని పడవ అంటగట్టడు. ఎదురుగా నిలబడ్డ ఛాంపియనమ్మ మాత్రం ఆ సన్నటి ఎర్ర కెనూ మీంచి చెయ్యి తీయలేదు.

“మునిగితే నేను కదా మునిగేది బాబాయిగారూ!”

“మీరు మునిగితే నా షాపు పేరు తేలుతుందా?”

ఆవిడ నడిపేది మందుల షాపు. ఛాంపియనమ్మ అన్నది ఊరు పెట్టిన పేరు, సగం ముద్దుగా, సగం వెక్కిరింతగా. స్లాలం కెనూ అంటే మాటలు కాదు. మోకాళ్ళ మీద కూర్చోవాలి, ఒకే ఆకున్న తెడ్డు వెయ్యాలి, ఉరవడి నీటి మీద వేలాడే కర్రలకు తగలకుండా వాటి సందుల్లోంచి పడవను మెలితిప్పుకుంటూ పోవాలి. ఆ ఊరి ఆడవాళ్ళు హాయిగా కూర్చుని నడిపే కయాక్ వైపు వెళ్తారు గానీ దీని జోలికి రారు. అందుకని ఏటా ఆడవాళ్ళ పందెంలో దిగేదీ ఆవిడే, గెలిచేదీ ఆవిడే. కప్పు అందుకుంటుంటే గట్టు మీద జనం “హోరాహోరీ పోటీ!” అని చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆవిడా నవ్వేసేది. ఇంటికెళ్ళాక మాత్రం ఆ కప్పును నలుగురికీ కనబడకుండా బీరువా వెనక్కి తోసేసేది.

ఈ ఏడు క్లబ్బువాళ్ళు ఆ ముచ్చటా మిగల్చలేదు. కనీసం ఇద్దరు లేకపోతే ఆడవాళ్ళ కెనూ పందెం ఎత్తేస్తామన్నారు. పేర్లివ్వడానికి ఈ సాయంత్రమే గడువు. పాపం, ఆవిడ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. నర్సును అడిగింది, బడిలో ఆటలు నేర్పే టీచర్ని అడిగింది, చివరికి సొంత ఆడపడుచు కాళ్ళావేళ్ళా పడింది.

“మోకాళ్ళ మీద కూర్చోవాలా? ఇంట్లో గచ్చు తుడిచేది చాలు తల్లీ!” అందిట ఆడపడుచు.

“అయితే పందెమే ఉండదంటున్నారు కదా, మరి పడవెందుకమ్మా?” అన్నాడు పెద్దాయన.

“రెండో మనిషి దొరక్కపోతే మగవాళ్ళతోనే దిగుతాను.”

“దిగి?”

“ఓడిపోతాను. నిజం చెప్పనా బాబాయిగారూ, నాకు ఓడిపోవాలనే ఉంది! పక్కన ఇంకొకరుంటే కదా మనం ఏపాటివాళ్ళమో తెలిసేది? ఒక్కదాన్నే వెళ్ళి ఒక్కదాన్నే రావడం, దానికో కప్పు... సిగ్గేస్తోంది.”

పెద్దాయన మనసు కరిగింది. కరిగినా మాట మార్చలేదు.

“సరే, పోటీకే అయితే ఆ నీలం పడవ తీసుకోండి. పొట్ట కాస్త లావు, మీ బరువు మోస్తుంది. ఈ ఎర్రది మీకంటే బాగా చిన్న మనిషికి చేసింది.”

“తగ్గుతాను. రేపట్నుంచి రాత్రి భోజనం బంద్.”

“మా ఆవిడా అదే అంటోంది, పెళ్ళయినప్పట్నుంచీ!”

పడవలో కూర్చున్నవాడికి దాని నడక కనబడదు, గట్టు మీదున్నవాడికే కనబడుతుందని పెద్దాయన సిద్ధాంతం. అందుకే ఆ షాపులో ఎవరు పడవ కొన్నా ముందు ఆయన కోడలు దాన్ని వెనకున్న ఏటిలో వేలాడగట్టిన కర్రల మధ్య తిప్పి చూపించాలి. ఎంతటి ఆటగాడొచ్చినా అదే పద్ధతి. కోడలు హెల్మెట్ పెట్టుకుని, పడవ భుజానికెత్తుకుని గట్టు దిగింది.

ఎర్ర పడవ నీటి మీద పాదరసంలా కదిలింది. ఛాంపియనమ్మ గట్టు మీంచి ఒకటే ప్రశ్నలు. ఎడమకు లాగుతోందా? తోక కర్ర కింద నుంచి జారుతోందా? ఇంకోసారి ఎదురు నీటిలోకి తిప్పమ్మా! ఒకచోట కర్ర భుజానికి తగిలింది. కోడలు నాలిక కరుచుకుని, ఎవరూ అడక్కుండానే వెనక్కి వెళ్ళి మళ్ళీ శుభ్రంగా దాటింది.

ఇంతలో ముందువైపు ఎవరో పిలిస్తే పెద్దాయన వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పడవ ఒడ్డుకు చేరింది. ఛాంపియనమ్మ బురదలో గొంతుక్కూర్చుని, కోడలి చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది. ఆయన్ని చూడగానే లేచింది.

“బాబాయిగారూ, లోపల మోకాళ్ళ దగ్గరి స్పాంజి ఇంకాస్త ముందుకు జరపాలి.”

“అంత ముందుకా? మీ మోకాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారమ్మా?”

“అవీ తగ్గుతాయి.”

కోడలు పకపకా నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది. ఏటి నీళ్ళు పడ్డాయేమో అనుకున్నాడు పెద్దాయన. చెప్పేది చెప్పాం, వినకపోతే ఎవరి ఖర్మ వారిది అని గొణుక్కుంటూ స్పాంజి జరిపాడు.

“మరి నేను వస్తా. క్లబ్బు మూసేస్తారు” అని ఛాంపియనమ్మ డబ్బు కట్టేసి హడావుడిగా చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

“ఆగండమ్మా, ఆగండి!” పెద్దాయన తెల్లరంగు డబ్బా మూత తీశాడు. అమ్మిన పడవ ముక్కు మీద దాని మనిషి పేరు తన చేత్తో రాసివ్వడం ఆయనకో సరదా. కుంచె ముంచి, కళ్ళజోడు సవరించుకున్నాడు. “ఛాంపియనమ్మ అనే రాసెయ్యనా? అసలు పేరు రాయమంటారా?”

ఆవిడ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

“మీ కోడలి పేరు రాయండి.”