పులియని పిండి

ప్లంబరు ఇంకా సంచీ సర్దుకోలేదు. పదిన్నరకి డిశ్చార్జి అని నిన్ననే చెప్పినా, అతను వంటగదిలో సింకు కింద పడుకుని పైపు విప్పుతున్నాడు.

తాగుడు మాన్పించే ఆ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. ఇంటికి వెళ్ళే రోజున మనిషి ఒక్కడే వెళ్ళాలి. ఇంటివాళ్ళు లోపలికి రాకూడదు, వీధిలోనే ఎదురుచూడాలి. గేటుకి తాళం లేదు, కాపలా లేదు. ఉన్నది గడియ ఒక్కటే. దాన్ని వెళ్ళేవాడే తీసుకోవాలి. ఇంకెవరూ చెయ్యి వెయ్యరు.

ప్లంబరు భార్య తొమ్మిదింటి నుంచి వీధిలో నిలబడే ఉంది. ఆమె రావడం ఇది మూడోసారి. మొదటిసారి అతను జ్వరమన్నాడు. రెండోసారి కారణం కూడా చెప్పలేదు. ఈసారి ఆమె, ఆఫీసులో రిజిస్టరు రాసే ఆవిడకి ఫోన్లో ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఇవాళ గేటు దాటకపోతే పిల్లను తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతానని, మళ్ళీ రానని. ఆ సంగతి ప్లంబరుకీ చేరింది. చేరిన తర్వాతే అతను పైపు విప్పడం మొదలుపెట్టాడు.

రిజిస్టరావిడ వెళ్ళి మాస్టారికి చెప్పింది. ఇలాంటివి అక్కడ మాస్టారికే చెబుతారు. గురువారం గురువారం భోజనాల గదిలో బైబిలు పాఠం చెప్పేది ఆయనే. కొత్తగా వచ్చినవాళ్ళు చేతులు వణికి నిద్రపట్టక అల్లాడుతుంటే పక్కన కూర్చునేదీ ఆయనే. ఆయన మాట విని గడియ తీసినవాళ్ళు నలభై మందికి పైనే ఉంటారని చెప్పుకుంటారు.

మాస్టారు వంటగదిలోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏం బాబూ, మంచి పనిలో ఉన్నట్టున్నావు."

వాషరు అరిగిపోయిందనీ, ఇది మార్చి మేడ మీద ట్యాంకు కూడా ఒకసారి చూసి వచ్చే వారం వెళతాననీ ప్లంబరు సింకు కింద నుంచే చెప్పాడు.

"నిన్నటిదాకా కారలేదే ఈ కుళాయి."

"ఇవాళ కారుతోంది మాస్టారూ."

"నువ్వు విప్పాక కారుతోంది."

ప్లంబరు పానా కింద పెట్టాడు.

మాస్టారు పోయిన గురువారం చెప్పిన పాఠమే మళ్ళీ ఎత్తుకున్నారు. ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయుల ఇటుకల పని ఏనాడైనా పూర్తయిందా అని అడిగారు. ఇవాళ్టి ఇటుకలు అప్పజెప్పేసరికి రేపటివి చెయ్యమని ఫరో రాజు మనుషులు నెత్తి మీద నిలబడేవాళ్ళు. చేతిలో పని అయ్యాక వెళదామనుకుంటే ఆ జనం ఇప్పటికీ అక్కడే మట్టి తొక్కుతూ ఉండేవాళ్ళు. అందుకే దేవుడు వాళ్ళని పిండి పులిసేదాకా కూడా ఆగనివ్వలేదు. పిసికిన పిండిని పిసికినట్టే మూటగట్టి భుజాన వేసుకుని బయల్దేరారు.

ప్లంబరు బయటికి జరిగి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తనకి ఆ కథలో మొదట్నుంచీ ఒక అనుమానం ఉందన్నాడు. వాళ్ళకి దారి విడిచి సముద్రం రెండు పక్కలా గోడల్లా నిలబడిందంటే ఆ ప్రెషరు మామూలుది కాదు. ఎంత లావు పైపు అయినా పగిలిపోతుంది. మరి మధ్యలోంచి వెళ్ళినవాళ్ళకి భయం వెయ్యలేదా?

"వేసే ఉంటుంది. భయం పోయాక నడవమని దేవుడు చెప్పలేదుగా. నడవమన్నాడు, అంతే."

"వాళ్ళ ముందు దారి చూపడానికి మోషే ఉన్నాడు మాస్టారూ. నా ముందు మా వీధి మలుపులో బ్రాందీ షాపుంది."

మాస్టారు నవ్వారు. సముద్రం దాటాక కూడా వాళ్ళు ఐగుప్తు దోసకాయల్నీ ఉల్లిపాయల్నీ తలుచుకుని ఏడ్చారని చెప్పారు. కొరడా దెబ్బలు మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదట. నీకూ సీసా గుర్తొస్తోంది గానీ, నెత్తురు కక్కుకుని ఆటోలో పడి ఇక్కడికొచ్చిన రోజు గుర్తు రావడం లేదు, అన్నారు.

ప్లంబరు విప్పిన వాషరు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"బతికినన్నాళ్ళూ తాగకుండా ఉండగలనా?"

"బతికినన్నాళ్ళ సంగతి నిన్నెవరడిగారు? ఎడారిలో వాళ్ళ తిండికని దేవుడు పంపిన మన్నా ఏ రోజుకారోజే కురిసింది. రేపటికని దాచుకుంటే పురుగులు పట్టింది. దేవుడు ఇవాళ్టికి సరిపడా బలమిస్తాడు. ఇవాళ ఆ షాపు దాటు. రేపటిది రేపు అడుక్కో."

మరీ ఇంత హడావిడిగానా, కనీసం భోజనం చేసి వెళతానని ప్లంబరు గొణిగాడు.

"ప్రభువు సిలువ మీద నీ గొలుసు తెంపేశాడయ్యా. తెగిన గొలుసును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అది ఆయన తప్పు కాదు. లే."

లేచాడు. పైపు బిగించబోతే మాస్టారు వద్దన్నారు. చేతికందిన రెండు చొక్కాలు సంచీలో కుక్కుకుని, తడి లుంగీ దండెం మీదే వదిలేసి బయటికొచ్చాడు. మాస్టారు మెట్ల దాకా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, పొమ్మన్నట్టు కొద్దిగా తోశారు. తోసి వెనక్కి వెళ్ళిపోయారు.

ఆవరణ దాటడానికి ప్లంబరుకి చాలాసేపు పట్టింది. గేటు దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆఫీసు కిటికీలోంచి రిజిస్టరావిడా, డాక్టరూ చూస్తూ ఉన్నారు. అతను ఒకసారి వెనక్కి తిరిగాడు. మళ్ళీ ముందుకు తిరిగాడు. గడియ చప్పుడైంది.

భార్య సంచీ అందుకుని, అతని చెంపకంటిన మడ్డిని చేత్తో తుడిచింది. ఇద్దరూ బస్సు ఆగే చోటువైపు నడిచారు.

రిజిస్టరావిడ వరస వెతికి ప్లంబరు పేరు కొట్టేసింది. పూర్తిగా నయమై కూడా ఇల్లు చేరనివాళ్ళు ఇంకెవరైనా మిగిలారా అని డాక్టరు అడిగాడు.

"ఒక్కరే సార్."

"ఏమంటున్నారు?"

"వచ్చే నెల చూద్దామంటున్నారు."

మాస్టారు ఆ మాట ఏడేళ్ళుగా అంటున్నారు.