కోడలిచ్చిన సబ్బు

“ఏమండీ, చేతులు కడుగుతున్నారా, తోలు ఒలుస్తున్నారా?”

భార్య స్నానాల గది తలుపు మళ్లీ తట్టింది. లోపల టైలర్ మాస్టారు పలకలేదు. పలికితే ధ్యాస చెదురుతుంది, ధ్యాస చెదిరితే సబ్బు చేపపిల్లలా జారి గది మూలకు పోతుంది. మొదట్లో రోజూ అదే భాగోతం. ఇప్పుడు కాస్త నయం.

“వస్తున్నానే. కోడలి పని మీద ఉన్నాను,” అన్నాడు చివరికి, ఏదో దేశాన్ని కాపాడుతున్నవాడిలా.

కోడలు అంటురోగాల పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. సబ్బుతో చేతులు కడుక్కుంటే పసిపిల్లల్లో విరేచనాల జబ్బులు ఎంత తగ్గుతాయో తేల్చడం ఆమె పని. వినడానికి ఇంతేగా అనిపిస్తుంది. కానీ ఏ ఇంటికి వెళ్లి అడిగినా “అయ్యో, కడుక్కోకుండా ఎలా ఉంటామండీ” అంటారు. పోనీ కూర్చుని చూద్దామంటే, చూస్తున్నంతసేపూ బడికి కొత్తగా వచ్చిన పిల్లల్లా బుద్ధిగా కడుక్కుంటారు. అందుకే సబ్బు లోపల చొక్కా గుండీ అంత యంత్రం దాచి, ఆ సంగతి ముందే చెప్పి ఇంటింటికీ పంచారు. కొన్నాళ్లకు ఎవరికైనా అది మరుపున పడుతుంది. సబ్బు ఎప్పుడు కదిలిందో, ఎంతసేపు కదిలిందో యంత్రం మాత్రం మరిచిపోదు.

ఒక సబ్బు తెచ్చి మామగారి చేతిలోనూ పెట్టింది.

“మన ఇల్లూ ఇందులో ఉంది మామయ్యా. ఊరికే తడిపితే లెక్కలోకి రాదు. గట్టిగా పట్టుకుని, రెండు చేతుల మధ్యా బాగా నలపాలి.”

పక్షవాతంతో కుడిచేయి పట్టుతప్పి కత్తెర అటకెక్కినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయనకెవరూ ఏ పనీ చెప్పలేదు. కూర్చోండి, పడుకోండి, మందు వేసుకోండి. అంతే. ఇన్నాళ్లకు ఒకరు పని అప్పగించారు, అదీ చదువుకున్న కోడలు. ఆ సబ్బును ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. తిన్నాక కడిగాడు, తినకముందు కడిగాడు. పేపరు చదివి కడిగాడు. ఏమీ తోచకపోయినా కడిగాడు. లెక్కలు చూసినప్పుడు మిగతా ఇళ్లన్నీ తన కోడలి ఇంటి ముందు తల దించుకోవాలని ఆయన పంతం. అరిగినప్పుడల్లా ఆమె కొత్తది ఇచ్చి పాతది తీసుకుపోయేది.

ఒకరోజు కోడలు వాడిపోయిన ముఖంతో ఇంటికొచ్చింది.

“ఏమైందమ్మా?” అన్నాడు భోజనాల దగ్గర.

“ఒక ఇంటి లెక్క నమ్మేలా లేదు మామయ్యా. ఆ సబ్బు అదేపనిగా కదులుతూనే ఉంది. ఎవరో కావాలని చేస్తున్నారని మా పెద్దసారు అనుమానం. సంగతి తేలకపోతే ఆ వీధి మొత్తం పక్కన పెట్టేస్తామంటున్నారు. ఇన్నాళ్ల మా కష్టం నీళ్లపాలే.”

మాస్టారు ముద్ద కంచంలోనే వదిలేశాడు. గొప్ప పని చేస్తున్నాననుకుని పిల్ల కొంపే ముంచాడన్నమాట. చేయి కడుక్కోవడానికి లేచి, సబ్బు వైపు చూసి, వట్టి నీళ్లతో కడిగేసుకుని వచ్చాడు. మంచం కింద చెప్పుల కోసం కాలు పెడితే, డాక్టరిచ్చిన రబ్బరు బంతి తగిలింది. పిసకమని ఇస్తే “నేనేమన్నా చంటివాణ్నా” అని ఆయనే విసిరేసిన బంతి. అదొకటి మధ్యలో అని విసుక్కుని కాలితో మళ్లీ లోపలికి తోశాడు.

పొద్దున కోడలు ఆఫీసుకు తయారై వచ్చింది. తెల్లకోటు గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది.

“ఇలా తే,” అన్నాడు. ఊడిపోయే గుండీని చూస్తూ ఊరుకోవడం ఆయన పుట్టుకలోనే లేదు. పైగా ఆమె ముఖం చూడకుండా మాట్లాడటానికి కళ్లకో పని కావాలి. భార్య సూది, దారం తెచ్చిచ్చి అక్కడే నిలబడింది.

“ఆ ఇల్లు మనదే తల్లీ,” అన్నాడు కుడుతూ. “నీకు మంచిపేరు రావాలని అవసరమున్నా లేకున్నా రుద్దాను. మీ పెద్దసారుతో నేనే మాట్లాడతాను. ముసలాడి చాదస్తమని చెప్తాను. వీధి తీసెయ్యొద్దని అడుగుతాను.”

కోడలు సూది వైపే చూస్తూ నిలబడింది. కోపం వచ్చిందనుకుని ఆయన ఇంకాస్త తల వంచుకున్నాడు. గుండీ చుట్టూ దారం తిప్పి, ముడి వేసి, పంటితో తుంచాడు.

“ఆ ఇల్లు మనది కాదు మామయ్యా,” అంది ఆమె. “ఇందాకే ఫోనొచ్చింది. అక్కడి పిల్లలు సబ్బును బకెట్లో వేసి చేపలు పట్టే ఆట ఆడుతున్నారట. ఆ ఒక్క ఇల్లు తీసేస్తే చాలు.”

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అయినా మనసొప్పలేదు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అరిగి అరిగి ఆకులా పల్చబడ్డ సబ్బుముక్క.

“మన లెక్క కూడా తప్పే కదమ్మా. మనల్నీ తీసెయ్. ఇదిగో, నీ యంత్రం నువ్వు తీసుకో. ఇందులో ఎక్కడ దాక్కుందో గానీ.”

ఆమె సబ్బు వైపు చూడనే లేదు. కోటు తీసుకుని, గుండీని వేలితో తడిమింది. ఆమె కళ్లు నిండాయి.

“సూది ఏ చేత్తో పట్టుకున్నారు మామయ్యా?”

ఆయన చూసుకున్నాడు. కుడిచేత్తో.

తలెత్తి భార్య వైపు చూస్తే, ఆమె ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంటోంది. కోడలు వంగి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“మీ సబ్బులో ఏనాడూ యంత్రం లేదు మామయ్యా.”