బరాత్ అక్షరాలు

జరగండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. నోట్లో మాట నోట్లోనే ఉంచి చెవులు మాత్రం తెరవండి. ఆర్మూర్ నడిరోడ్డు మీద అక్షరాలు డాన్స్ చేసిన సంగతి ఇది.

రాజేశ్వర్ ఓ ప్రింటింగ్ షాపు ముందు ఫ్లెక్సును దబ్బున పరిచాడు.

"మా నాయిన సచ్చిపోతే మీ అక్షరాలు పెండ్లి బరాత్‌ల లెక్క ఎగురుతున్నయేంది? రేపు దినాలు! సుట్టాలందరు నవ్వాల్నా?"

అబద్ధం కాదు. 'శ్రద్ధాంజలి'లో 'శ్ర' ఒంటికాలి మీద గెంతుతోంది. 'ద్ధా' నడుం మీద చెయ్యి వేసుకుంది. 'లి' తన గుడిని టోపీలా ఎగరేసింది. ఫొటో కింద 'చిన్నన్న' అన్న పేరు తూలుతూ ఊగుతోంది. ఆ గంతులు చూస్తూ పసుపు బస్తాల లారీ ఆగిపోయింది. దాని వెనక వేల్పూర్ దాకా బండ్లు ఆగిపోయాయి.

షాపులో పనిచేసే అంకిత బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ అక్షరాలు ఆమెవే. ఒక్కొక్కటీ చేత్తో గీసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పొద్దున ఓ పిల్లాడి పుట్టినరోజు ఫ్లెక్సుకు వాడి, చిన్నన్న ఫ్లెక్సుకు మార్చడం మరిచిపోయింది.

"నీకేం చెప్పిన?" షాపు ఓనర్ స్వామి అరిచాడు. "బర్త్‌డేలకు వాడు, ఐస్‌క్రీం బండ్లకు వాడు, సావుకాడికి తేకు అన్ననా లేదా? తీసెయ్ గవిటిని కంప్యూటర్లకెల్లి! రేపట్నుంచి నువ్వు గూడ రాకు."

"సార్, సాదా అక్షరాలతోని మళ్ల చేసిస్త. గవిటిని మాత్రం తీసెయ్యమనకుండ్రి."

అప్పుడే రాజేశ్వర్ తల్లి రామవ్వ ఆటో దిగింది. జనం పక్కకు జరిగారు.

"అమ్మా, నువ్వెందుకొచ్చినవే?"

రామవ్వ ఫ్లెక్సు పక్కన చతికిలపడింది. ఆమెకు చదువు రాదు. ఫొటో కిందున్న భర్త పేరు మీద వేలు పెట్టి మెల్లగా నడిపించింది. వేలు ఎగిరింది, వంగింది, పక్కకు ఒరిగింది.

"ఎవరు గీసిండ్రు?"

"నేనే, అవ్వా. తప్పయింది," అంది అంకిత.

"మా ఆయనను సూసినవా నువ్వు?"

"లే, అవ్వా."

"మరి గీ నడక నీకెట్ల తెలిసిందే? అచ్చం గిట్లనే నడుస్తుండె! కుంటుకుంట, ఊగుకుంట. పక్కపొంటి నడిస్తే నన్ను గుద్దుతనే ఉండె." రామవ్వ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రాజేశూ, గిదే కట్టురా. మీ నాయిన వచ్చినట్టే ఉంటది."

రాజేశ్వర్ తల దించుకుని ఫ్లెక్సు చుట్టసాగాడు. స్వామి గొంతు సవరించుకున్నాడు.

"అంకితా, లోపలికి పో. కంప్యూటర్ల ఏం తీసెయ్యకు."

అంతలో, పసుపు అమ్ముకోవడానికి ఆలూర్ నుంచి వచ్చిన గంగాదాస్ తాత జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"బిడ్డా, నాకు గూడ గిసొంటిదే ఒకటి కొట్టు. తారీఖు కాడ జర జాగ ఇడిసిపెట్టు, పోయినంక నేనే ఫోన్ చేసి చెప్త!"