గుంజుతాంది

ఇప్పుడు ఏ చిన్న ఆసుపత్రిలోనైనా మత్తు చూసుకునేది యంత్రమే. మత్తు డాక్టరు హేమలత ఉన్నది పక్కన కూర్చోవడానికే.

ఎల్లవ్వకు పిత్తాశయంలో రాళ్లు. మత్తు సూది నడుముకే వేశారు గనుక మెలకువగానే ఉంది. కెమెరా గొట్టం దూర్చేందుకు సర్జన్ పొట్టలోకి గ్యాసు నింపగానే ఆమె మొహం ముడుచుకుపోయింది.

“నొప్పి ఉందా?” యంత్రం అడిగింది.

“నొప్పి కాదు బిడ్డా, భుజం గుంజుతాంది.”

“నొప్పి లేదు” అంటూ యంత్రం పచ్చదీపం వెలిగించింది.

పొట్టలో ఆ గ్యాసు పెట్టే నొప్పి భుజంలో ఎలా గుంజుతుందో హేమలతకు తెలుసు. చెయ్యి నొప్పి మందు సిరంజి మీదికి పోయింది. పచ్చదీపం చూసి వెనక్కి తీసుకుంది.

ఆపరేషన్ ముగిశాక భుజం నిమురుతూ అడిగింది. “అంతసేపూ ఓర్చుకున్నావా, అవ్వా?”

“మిషన్‌కు సమజ్ గాలే, సరే. నీకు తెలుగొస్తది గదా, డాక్టరమ్మా?”