పక్కింటి ఫస్టు ర్యాంకు

“మళ్ళీ ఆ కయలేనా ఫస్టు?”

లోగనాయకి ర్యాంకు కార్డును బల్ల మీదికి విసిరికొట్టింది. అయిదో తరగతి చదివే ఆమె కూతురు సుధ బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అవునమ్మా.”

“నువ్వేమో ఆ చివర! నీకేం తక్కువ జేసినాం? గోడ నిండా చార్టులు. ఈ వీధిలో ఎవరింట్లోనూ లేని కంప్యూటరు. నీ కోసరమే కదా నేను మేట్టుపాళయం కంపెనీలో ఉద్యోగం ఇడిచిపెట్టి ఇంట్లో కూర్చోనుండేది? ఆ పిల్లకు ఏముండాది?”

సుధ తల వంచుకుంది. ఆ పిల్లకు ఏముందో తనకూ తెలియదు.

కయల్విళి పక్క పోర్షన్‌లో ఉండే పిల్ల. తండ్రి ముని టౌన్ బస్సు కండక్టరు. తల్లి తిలకవతి ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఇంగ్లీషు పుస్తకం తలకిందులుగా ఇచ్చినా ఆమె పోల్చుకోలేదని లోగనాయకి నమ్మకం. అలాంటి ఇంట్లోకి ప్రతిసారీ ఫస్టు ర్యాంకు ఎలా వస్తోంది? అది చాలదన్నట్టు, ఆ సాయంత్రం తిలకవతి కుళాయి దగ్గరకొచ్చి అందరికీ మైసూర్‌పాకు పంచిపెట్టింది.

“తీసుకోండక్కా. మా కయల్ ఫస్టు వచ్చినాది.”

లోగనాయకి తీసుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు. “సంతోషం. ట్యూషన్ యాడ?”

“ట్యూషనా! అదంతా మాకు యాడక్కా?”

“మరి ఇంట్లో ఎవరు జెప్పేది?”

తిలకవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుగా నవ్వింది. “ఏమక్కా, మీకు తెలీనట్ల అడగతారు!”

ఆ నవ్వుకు లోగనాయకి ఒళ్ళు భగ్గుమంది. తనను చూసి ఎగతాళా? ఇంకేముంది, ఎవరో సారును పెట్టుకుని గుట్టుగా చెప్పిస్తున్నారు. తెలిస్తే తానూ సుధను పంపుతుందని దాస్తున్నారు. చేతిలో మైసూర్‌పాకు పిండిపిండి అయిపోయింది.

ఆ మర్నాటి నుంచీ ఆమెకు వేరే ధ్యాస లేదు. ఆరిన బట్టలనే మళ్ళీ దండెం మీద సర్దుతూ, ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడుస్తూ పక్క గుమ్మం మీదే కన్నేసి ఉంచింది. కయల్ బడి నుంచి వచ్చిందంటే గడప దాటదు. బయటివాళ్ళెవరూ లోపలికి పోరు. కానీ ఒక్కటి మాత్రం వింత. వీధి వీధంతా సీరియళ్ళ ఏడుపులతో హోరెత్తే వేళ, ఆ ఇంట్లో గరిటె చప్పుడైనా వినపడదు. మనుషులుండి కూడా అంత నిశ్శబ్దం ఎందుకు?

“అమ్మా, నేను పోయి కయల్‌నే అడిగి రానా?” అంది సుధ ఆశగా.

“ఆ గడప తొక్కినావంటే కాళ్ళిరుగుతాయి!”

శుక్రవారం సాయంత్రం దీపం పెట్టగానే లోగనాయకి కూతురిని లెక్కల ముందు కూర్చోబెట్టింది.

“సగం దోశ, మూడో వంతు దోశ. రెండూ కలిపితే ఎంత? నేరుగా కలపకూడదు. ముక్కలు సమంగా లేవు కదా! అందుకని ఏం జేస్తాం? దోశను ఆరు ముక్కలు జేస్తాం. ఆరు ముక్కల్లో సగమంటే ఎన్ని?”

సుధ చూపు పుస్తకం మీద లేదు, అమ్మ చేతిలోని స్కేలు మీదుంది. “రెం... రెండు.”

స్కేలు ఛెళ్ళుమంది.

“ఎన్నిసార్లు జెప్పేది? గొంతు పగలతాంది నాకు! ఆరులో సగం!”

“నాలుగా అమ్మా?”

మళ్ళీ స్కేలు ఎత్తిన లోగనాయకి చెయ్యి గాల్లోనే ఆగింది. కిటికీలోంచి పక్క గుమ్మం కనిపిస్తోంది. అక్కడ, మెట్టు మీద, నల్లగా మెరుస్తున్న మగవాళ్ళ బూట్లు. ముని ఎప్పుడూ రబ్బరు చెప్పులే వేస్తాడు.

దొరికాడు సారు!

స్కేలు చేతిలో ఉన్న సంగతే మరిచి, సుధను అలాగే వదిలేసి, పరుగులాంటి నడకతో పోయి పక్కింటి తలుపు తోసింది.

లోపల టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. ఖాకీ చొక్కా విప్పకుండానే ముని చాప మీద కూర్చుని ఉన్నాడు. తలుపు చప్పుడుకు ‘ష్’ అంటూ పెదవుల మీద వేలు పెట్టుకున్నవాడల్లా, వచ్చిందెవరో చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. తిలకవతి ఒడిలో ఆకుకూర పెట్టుకుని, చప్పుడు కాకుండా కాడలు తుంచుతోంది. కయల్ గోడకు వీపు ఆనించి, పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. ఇంకెవరూ లేరు.

“యాడ ఆయన?” అంది లోగనాయకి రొప్పుతూ.

“ఎవరక్కా?”

“ఏమీ ఎరగనట్ల అడగబాక! వాకిట్లో ఆ బూట్లు ఎవరివి?”

“నావే అక్కా,” అన్నాడు ముని బెదురుగా. “డ్యూటీకని కొత్తగా ఇచ్చినారు.”

లోగనాయకి వంటింట్లోకి తొంగి చూసింది. పెరటి తలుపు గడియ వేసే ఉంది. అంతలో, కయల్ ఆనుకున్న గోడలోంచి సుధ వెక్కిళ్ళు పక్కనే కూర్చుని ఏడుస్తున్నంత స్పష్టంగా వినిపించాయి.

కయల్ పెన్సిల్ ఎత్తిపట్టుకుని తల్లి వైపు చూసింది. తిలకవతి ఆకుకూర పక్కన పెట్టి, నొచ్చుకుంటూ అంది:

“ఏందక్కా, దోశను ఆరు ముక్కలు జేసి సగంలో ఇడిచిపెట్టి వచ్చేసినారు? మీరిట్ల వచ్చేస్తే మా కయల్‌కు పాఠం ఎవరు జెప్పేది?”