చేటెడు తవుడు

పద్మజ అరుగు మీద కూర్చుని అట్టపెట్టె మూత తీసింది. లోపల సూదులకు గుచ్చిన సీతాకోకచిలుకలు. అన్నీ నారింజ రంగువే. రెక్కల కొసలు నలుపు.

పక్కనే మాలకొండమ్మ కందులు చెరుగుతోంది. రెండు రోజులుగా కూతురితో మాట్లాడటం లేదు.

గొడవ పద్మజ తండ్రి నరసింహులు గురించి. ఆయన కిడ్నీలు రెండూ పోయినాయి. ఊళ్లో బోరు నీళ్లు తాగి కిడ్నీలు చెడినవాళ్లలో ఆయన మొదటివాడు కాదు. రాచర్ల నుంచి ఆటోలో గిద్దలూరు పోయి రక్తం కడిగించుకొని వస్తాడు. వచ్చిన దినం మంచం దిగలేడు. ఇంకెంతో కాలం ఇట్ల నడవదని డాక్టరు చెప్పినాడు.

మాలకొండమ్మ తన కిడ్నీ ఇస్తానన్నది. షుగరుందని వద్దన్నారు. ఆయనకు అన్నదమ్ములు లేరు. మిగిలింది ఒక్కగానొక్క కూతురు. రేపు రైలుకు గుంటూరు పోయి పరీక్ష చేయించుకోవాలి. అందుకు తల్లి సంతకం కావాలి. ఆమె పెట్టనంటోంది.

“ఏంది పాపా, ఎప్పుడు చూసినా ఆ పురుగులేనా?” అన్నది మాలకొండమ్మ, ఉండబట్టలేక.

“పురుగులు కాదు మా. జిల్లేడు సీతాకోకచిలుకలు. నల్లమలలో ఈ గుంపువి ఎన్ని జాతులున్నాయో తేల్చడమే నా చదువు. రంగు ఒకటేనని ఎవరో అన్నింటినీ కలిపి పెట్టినారు. నేను విడదీస్తాండా.”

రెండింటిని పైకి తీసి చూపించింది. “ఇవి చూడు.”

“రెండూ ఒకటే గదా.”

“కాదు. ఇది జిల్లేడాకు తిని పెరిగింది. ఒళ్లంతా చేదు. పిట్ట ఒకసారి నోట్లో పెట్టుకుంటే మళ్లీ దీని జోలికి రాదు. ఆ రెండోది వేరే వంశం. దానికి చేదు లేదు. బతకడానికి దీని వేషం వేసుకుంది. పిట్ట దాన్నీ వదిలేస్తది.”

“మరి నీకెట్ల తెలుస్తది?”

“నేను రంగు చూడను. రెక్కలో ఈనెలు చూస్తా. వంశం అక్కడ దాగదు.”

చేట ఆగింది. నాలుగు కందిగింజలు అరుగు మీద రాలినాయి.

పద్మజ గొంతు తగ్గించింది. “నువ్వు నాకు చేసిందీ ఇదే గదా మా.”

ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. మాలకొండమ్మకు మొదట పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయినారు. మూడో కాన్పుకు చంద్రశేఖరపురం పక్కన పుట్టింటికి పోయింది. అక్కడ పొరుగింటి చెంచమ్మ ఉంది. బిడ్డను చేటలో పరుండబెట్టి ఆమెకు తవుడుకు అమ్మినారు, మళ్లీ కొనుక్కున్నారు. ఇది ఎవరి బిడ్డో అనుకొని చావు పక్కకు పోవాలని. బిడ్డ మాది, తవుడు చెంచమ్మది అని మాలకొండమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. నరసింహులు కూతురిని పద్మజ అని పిలిచింది తక్కువ. తవుడమ్మ అనే పిలుస్తాడు.

“నాకు చెంచమ్మత్త బిడ్డ వేషం వేసి కాపాడుకున్నావు,” అన్నది పద్మజ. “అది అయిపోయింది. ఇంకా ఏ పిట్ట వస్తదని నీ భయం?”

“ఆస్పత్రిలో కాగితం మీద నువ్వు మా బిడ్డవని రాయొద్దు.”

“రాస్తే చావు చదువుకుంటదా?”

“ఎగతాళి చేయొద్దు.”

లోపల మంచం కిర్రుమంది. “ఏమ్మే తవుడమ్మా, ఏందా కొట్లాట?” నరసింహులు గొంతు. “నాకు నీ కిడ్నీ వద్దు. వాళ్లు నిన్ను కోస్తే తవుడు రాలుతది.”

“రాలనీ నాయనా. నువ్వైతే లేచి తిరుగుతావు.”

ఆయన నవ్వబోయినాడు. దగ్గొచ్చింది. తగ్గేదాకా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.

“నీ ఒంట్లోది తీసుకునేదానికి నాకు హక్కెక్కడిది పాపా,” అన్నాడు చివరకు. “పెండ్లి కావాల్సిన పిల్లవు. మీ అమ్మ చెప్పినట్టు విను.”

పద్మజకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ మాటకు తల్లి ఏమైనా అంటదేమోనని చూసింది. మాలకొండమ్మ రాలిన గింజలు ఒక్కొక్కటే ఏరి చేటలో వేసుకుంటోంది.

“పోయినేడు చెంచమ్మత్త పోతే శవం మీద పడి ఏడ్చినావు,” అన్నది పద్మజ. “కాళ్లు పట్టుకొని వదల్లేదు. కట్టుకున్న మనిషి కండ్ల ముందర పోతాంటే నీకు కన్నీళ్లు రావా?”

“ఆమె రుణం వేరే.”

“ఏం రుణం? ఒక చేటెడు తవుడు.”

మాలకొండమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెంచమ్మ బతికున్నన్నాళ్లూ పద్మజ అమ్మమ్మ ఊరికి పోయినప్పుడల్లా వచ్చేది. గడప దాటి లోపలికి వచ్చేది కాదు. పద్మజ గదవ పట్టుకొని కాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేది. పిచ్చి మనిషి అనుకునేది పద్మజ.

“డాక్టరు నాకు ధైర్యం చెప్పినాడు,” అన్నది పద్మజ. “కన్నకూతురివి, సరిపోయే అవకాశం ఎక్కువన్నాడు. నేను చెంచమ్మత్త బిడ్డనని చావును నమ్మించినావు, సరే. ఇప్పుడు డాక్టరును గూడా నమ్మించాల్నా?”

మాలకొండమ్మ చేట పక్కన పెట్టింది. లోపలి మంచం వైపు ఒకసారి చూసింది. పెట్టెలో ఆ రెండో సీతాకోకచిలుక రెక్కను వేలి కొసతో, తాకీ తాకనట్టు తాకింది.

“ఆ దినం తవుడు మాది పాపా, బిడ్డే చెంచమ్మది.”